టెంక అంబలి నుంచి వేలిముద్ర దాకా: ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఆకలి లెక్క

2001 ఆగస్టులో రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో, పనసగుడ, బిలమాల్ లాంటి ఊళ్లలో ఇరవై మంది దాకా చనిపోయారు. వాళ్లు ఆఖరున తిన్నది మామిడి టెంక అంబలి. ఎండాకాలంలో టెంకలు ఏరి ఎండబెడతారు. పగలగొట్టి లోపలి జీడిని తీసి, వగరు పోయేదాకా నీళ్లలో నానబెట్టి, దంచి పిండి చేసి దాచుకుంటారు. వానలు పడి ఇంట్లో గింజలు నిండుకున్నాక ఆ పిండే అంబలి అవుతుంది. బాగా ఎండిన జీడి ప్రాణం నిలబెడుతుంది. తడికి బూజు పట్టిన జీడి ప్రాణం తీస్తుంది.

అప్పుడు పెద్ద గొడవ జరిగింది. ఇవి ఆకలి చావులని కొందరు అన్నారు. కలుషితమైన తిండి వల్ల పోయారు, టెంక పిండి తినడం వాళ్ల అలవాటు అని అధికారులు అన్నారు. ఇరవై మూడేళ్లు గడిచాయి. 2024 నవంబరులో కంధమాల్ జిల్లా దారింగబాడి బ్లాకు మండిపంక గ్రామంలో అదే అంబలి తాగి ఆడవాళ్లు చనిపోయారు. మళ్లీ అవే రెండు వాదనలు, దాదాపు అవే మాటల్లో.

ఈ రెండు సంఘటనల మధ్య దేశంలో ఆహార భద్రత చట్టం వచ్చింది. బియ్యం కిలో మూడు రూపాయలయ్యాయి, ఒడిశాలో రూపాయి అయ్యాయి, చివరికి ఉచితమయ్యాయి. అయినా టెంక అంబలి ఎందుకు పోలేదు? గుణుపురంలోనో, పర్లాకిమిడిలోనో, జయపురంలోనో ఉండే తెలుగువాళ్లం ఈ ప్రశ్న విన్నప్పుడు అయితే ప్రభుత్వాన్ని తిడతాం, లేకపోతే "ఇంకా ఎంత ఇస్తారు, అన్నీ ఫ్రీయే కదా" అంటాం. రెండు మాటలూ అనేముందు అసలు ఎవరికి ఎంత వస్తోంది, ఎక్కడ ఆగుతోంది అన్నది విడదీసి చూడాలి.

ఆకలి అంటే ఏ ఆకలి

మాట ఒకటే గానీ, మూడు వేర్వేరు పరిస్థితులను మనం ఆకలి అంటున్నాం.

మొదటిది పస్తు. పొయ్యి వెలగని రోజు. ఇది అందరికీ అర్థమవుతుంది, పేపర్లో వస్తుంది. మా జిల్లాల్లో ఇది ఒకప్పటికంటే బాగా తగ్గింది, ఆ మాట ఒప్పుకోవాలి.

రెండోది ఏటా వచ్చిపోయే ఆకలి. కొండ వ్యవసాయంలో చోళ్లు (రాగులు), సామలు, కొండ కందులు చేతికొచ్చేది దసరా తర్వాత. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా ఇంట్లో పాత గింజ అయిపోయి ఉంటుంది, కొత్త గింజ ఇంకా చేలోనే ఉంటుంది. వానకి కూలి పని కూడా దొరకదు. టెంక పిండి ఈ నెలల కోసమే. ఏడాది సగటు తీస్తే ఈ ఆకలి కనపడదు, ఎందుకంటే సంక్రాంతి నాటి నిండు గంప శ్రావణం నాటి ఖాళీ గంపను కప్పేస్తుంది. గంజాం తీరంలో దీని రూపం వేరు. రుషికుల్య నది ముఖద్వారం దగ్గర సముద్ర తాబేళ్లను కాపాడటానికి నవంబరు 1 నుంచి మే 31 దాకా చేపల వేట నిషేధిస్తారు. అక్కడి తెలుగు మత్స్యకారుల ఆకలి నెలలు కొండవాళ్లకు పంటలొచ్చే కాలంలో మొదలవుతాయి.

మూడోది, కడుపు నిండినా ఒంటికి పట్టని ఆకలి. అన్నం ఉంటుంది, పక్కన పప్పు ఉండదు, గుడ్డు ఉండదు, నూనె బొట్టు ఉండదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో ఐదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అంతకుముందు సర్వేలో ఇది 34.1 శాతం, అంటే కొంత మెరుగు. అదే కాలంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత 51 శాతం నుంచి 64.3 శాతానికి పెరిగింది. బియ్యం సరఫరా బాగా మెరుగుపడిన ఏళ్లలోనే రక్తం తగ్గిందన్నమాట. నా దృష్టిలో మొత్తం చర్చలో అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకోవాల్సిన అంకె ఇదే.

ప్రపంచ ఆకలి సూచీ వచ్చినప్పుడల్లా జరిగే వాదన కూడా ఈ మూడింటిని కలిపేయడం వల్లే. ఆ సూచీలో నాలుగు కొలతలుంటే మూడు పిల్లలవే: ఎదుగుదల, బక్కచిక్కడం, మరణాలు. ఇది పిల్లల ఆరోగ్యం లెక్క, దేశమంతటి ఆకలి లెక్క ఎలా అవుతుందని ప్రభుత్వం అడుగుతుంది. తల్లి తినకపోతేనే కదా బిడ్డ బక్కచిక్కేది అని అవతలివాళ్లు అంటారు. పస్తుల గురించి అడిగితే ప్రభుత్వ వాదనలో బలం ఉంది. మూడో రకం ఆకలి గురించి అడిగితే అవతలివాళ్ల వాదనలో ఉంది.

ఐదు కిలోలు ఎన్ని రోజులు

2013 జాతీయ ఆహార భద్రత చట్టం కింద రెండు రకాల కుటుంబాలు వస్తాయి. ప్రాధాన్య కుటుంబాలకు మనిషికి నెలకు 5 కిలోలు. అంత్యోదయ కుటుంబాలకు, అంటే మరీ పేదలకు, ఇంటికి 35 కిలోలు, ఇంట్లో ఎంతమందున్నా. 2023 జనవరి నుంచి ఇవి ఉచితం. 2024 జనవరి నుంచి ఇంకో ఐదేళ్లు ఉచితంగా ఇస్తామని కేంద్రం చెప్పింది. ఒడిశాలో మూడో రకం కార్డు కూడా ఉంది. కేంద్రం కోటాలో చోటు దొరకని పేదల కోసం 2018 అక్టోబరు 2న రాష్ట్రం తన ఖర్చుతో మొదలుపెట్టిన ఆహార భద్రత పథకం అది. అందులోనూ మనిషికి 5 కిలోలే.

5 కిలోలంటే రోజుకు 166 గ్రాములు. సుమారు 600 కేలరీలు. పల్లెల్లో కష్టం చేసే మనిషికి ప్రణాళికా సంఘం ఒకప్పుడు పెట్టుకున్న కొలత 2400. అంటే నాలుగో వంతు. చట్టం కడుపు మొత్తం నింపుతానని ఎన్నడూ అనలేదు, సాయం చేస్తానంది. ఉచిత బియ్యంతో ఇల్లంతా గడిచిపోతోందన్న అపోహ ఇక్కడే పుడుతుంది.

ఒక ఇంటి లెక్క చూద్దాం. ఇది ఉదాహరణ కోసం నేను అల్లిన ఇల్లే, కానీ మా పక్క ప్రతి వీధిలో ఇలాంటిది ఒకటి ఉంటుంది. ముసలామె, కొడుకు, కోడలు, ఏడేళ్ల బాబు, మూడేళ్ల పాప. కోడలిది ఆంధ్రలో కురుపాం వైపు, పెళ్లయి ఎనిమిదేళ్లయింది. పెద్దవాళ్లు ముగ్గురూ రోజుకు 400 గ్రాముల బియ్యం తింటారనుకుంటే నెలకు 36 కిలోలు. పిల్లలిద్దరికీ కలిపి 8. మొత్తం 44 కిలోలు కావాలి.

కార్డు మీద ముసలామె పేరు, కొడుకు పేరు మాత్రమే ఉన్నాయి. వచ్చేది 10 కిలోలు. మిగతా 34 కిలోలు కొనాలి. కిలో 40 రూపాయలనుకుంటే 1,360. ఐదుగురి పేర్లూ ఉంటే 25 కిలోలు వస్తాయి, కొనాల్సింది 19, ఖర్చు 760. అంత్యోదయ కార్డయితే 35 వస్తాయి, కొనాల్సింది 9, ఖర్చు 360. ఒకే ఇల్లు, ఒకే ఆకలి, కాగితం మారితే నెలకు వెయ్యి రూపాయల తేడా. 2024-25లో ఒడిశాలో ఉపాధి హామీ కూలి రోజుకు 254 రూపాయలు. అంటే ఆ వెయ్యి దాదాపు నాలుగు రోజుల కష్టం. అదే ఏడాది అవతల ఆంధ్రలో ఆ కూలి 300.

ఇందులో ఇంకో మెలిక ఉంది. అంత్యోదయ ఎప్పుడూ లాభమే అనుకుంటాం. ఎనిమిది మంది ఉన్న ఇంటికి ప్రాధాన్య కార్డు మీద 40 కిలోలొస్తాయి, అంత్యోదయ మీద 35. ఏడుగురి దగ్గర రెండూ సమానం, అక్కడి నుంచి మరీ పేదవాడికే తక్కువ. మరోవైపు ఒంటరి ముసలమ్మకు అంత్యోదయ కార్డు మీద 35 కిలోలు దొరుకుతాయి. ఇంటి లెక్క తీసేసి మనిషి లెక్కే పెట్టాలని కొందరంటారు. అలా చేస్తే ఎవరూ లేని ముసలివాళ్ల నోటి దగ్గర కూడు లాగినట్టవుతుందని మరికొందరు. రెండూ నిజమే. పెద్ద కుటుంబాలకు మనిషి లెక్క, చిన్న కుటుంబాలకు 35 కిలోల కనీసం, ఏది ఎక్కువైతే అది అన్న దారి కూడా ఉంది. దానికి ధాన్యం ఎక్కువ కావాలి, ఖర్చు పెరుగుతుంది.

ఇక పిల్లలు. ఏడేళ్ల బాబుకు బడిలో మధ్యాహ్న భోజనం, వారానికి రెండు గుడ్లు. పాపకు అంగన్‌వాడీలో వేడన్నం. అంతకంటే చిన్నపిల్లలుంటే ఇంటికి ఛతువా పిండి వస్తుంది, దాన్ని ఊళ్లలోని మహిళా సంఘాలే తయారుచేస్తాయి. అవతలి ఆంధ్ర బడుల్లో వారానికి ఐదు గుడ్లు, చిక్కీ, రాగిజావ పెడుతుంటే మన పిల్లలకు రెండే గుడ్లేమిటని మా వైపు తల్లులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. సరిహద్దు దగ్గర బతికేవాళ్లకున్న మేలు అదే, పక్క రాష్ట్రం ఏం పెడుతోందో కళ్లారా కనపడుతుంది.

పేరు ఎక్కడ తప్పిపోతుంది

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా గంజాం, కొరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనివి. గీత తరవాత పడింది, మనుషులు ముందే ఉన్నారు. అందుకే పెళ్లిళ్లు ఇప్పటికీ అటూఇటూ జరుగుతాయి. కోడలి పేరు పుట్టింటి కార్డులో ఆంధ్రలో ఉంటుంది. అక్కడ తీయించుకుని ఆ కాగితం తెస్తేనే ఇక్కడ ఎక్కిస్తారు. అక్కడ తీసేసి ఇక్కడ ఎక్కకుండా నడిమధ్యలో ఉండిపోయినవాళ్లు నాకు తెలిసే అరడజను మంది ఉన్నారు.

తెలుగు పేరుతో ఇంకో చిక్కు. మనకు ఇంటిపేరు ముందు, ఇక్కడ వెనక. ఆధార్‌లో ఒక తీరు, రేషన్ కార్డులో ఒడియా ఉచ్చారణతో ఇంకో తీరు. అప్పలనరసమ్మ రెండు కాగితాల్లో ఇద్దరు మనుషులవుతుంది.

కిందటేడు మా వీధి పెద్దమ్మతో కలిసి డిపోకి వెళ్లాను. మా వైపు రేషన్ షాపును డిపో అనే అంటాం. ఆవిడ బొటనవేలు మిషన్ మీద పెట్టింది, పడలేదు. చీర కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది. చూపుడు వేలు పెట్టింది. నలభై ఏళ్లు నాట్లు వేసి, బీడీలు చుట్టి అరిగిపోయిన వేళ్లు అవి. వెనకున్న అబ్బాయి కొబ్బరినూనె రాయమన్నాడు. ఆరోసారికి చీటీ వచ్చింది. దాని మీద అక్షరాలన్నీ ఒడియా. ఆవిడ దాన్ని నా చేతికిచ్చి "ఏటి రాసుందిరా బాబూ ఇందల?" అంది. ఇద్దరు మనుషులకు మూడు నెలల కోటా కలిపి ముప్పై కిలోలు అని చదివి చెప్పాను. తూచిన సంచీని కాసేపు అలా చూసి, ఏమీ అనకుండా తలకెత్తుకుంది.

ఈ వేలిముద్రల పద్ధతి మీద రెండు గట్టి వాదనలున్నాయి. మిషన్ రాకముందు దొంగ కార్డులుండేవి, చనిపోయినవాళ్ల పేరున బియ్యం పోయేవి, డీలర్ రాత్రికి రాత్రి లారీ ఎక్కించేవాడు. ఇది కట్టుకథ కాదు, చూసినవాళ్లం ఉన్నాం. ఆధార్ కలిపాక ఇది తగ్గింది, ఇంకో ఊళ్లో బియ్యం తీసుకునే వీలు కూడా దాంతోనే వచ్చింది. దీన్ని వ్యతిరేకించేవాళ్లు చెప్పేది మరొకటి. మనిషి లేకుండా బియ్యం పోయే దొంగతనాన్ని మిషన్ ఆపగలదు, పదికి తొమ్మిది కిలోలే తూచే దొంగతనాన్ని ఆపలేదు. పైగా వేలు పడనివాడిని దొంగతో సమానం చేస్తుంది. 2017లో జార్ఖండ్ సిమ్‌డేగా జిల్లాలో పదకొండేళ్ల పాప చనిపోయినప్పుడు, ఆధార్ కలపలేదని కార్డు తీసేశారని, ఇంట్లో తిండి లేదని తల్లి చెప్పింది. మలేరియా అని అధికారులన్నారు. కాశీపూర్ వాదనే మళ్లీ.

విధానాల భాషలో రెండు మాటలున్నాయి. అర్హత లేనివాడు జాబితాలో చేరడం ఒక తప్పు. అర్హత ఉన్నవాడు మిగిలిపోవడం ఇంకో తప్పు. జల్లెడ కన్నం చిన్నది చేస్తే మొదటి తప్పు తగ్గి రెండోది పెరుగుతుంది, పెద్దది చేస్తే ఉల్టా. రెండూ ఒకేసారి సున్నా అయ్యే జల్లెడ లేదు. ఈ-కేవైసీ చేయించుకోని పేర్లు తీసేయాలన్నా, ఇంకా గడువు ఇవ్వాలన్నా, అడుగున ఉన్నది ఈ బేరమే. మొదటి తప్పులో పోయేది ప్రభుత్వం సొమ్ము. రెండో తప్పులో పోయేది ఒకరి నెల తిండి. నేనైతే రెండింటినీ ఒకే కాటాలో పెట్టలేను.

అసలు జల్లెడే వద్దు, అందరికీ ఇచ్చేయండి అన్నది ఇంకో పక్షం. తమిళనాడు అలాగే చేస్తోంది. ఉమ్మడి కొరాపుట్, బొలంగీర్, కలహండి ప్రాంతాల్లో కూడా కొత్త చట్టం అమలయ్యేదాకా అందరికీ రేషన్ ఉండేది. ఉద్యోగస్తుడికి, షావుకారికి కూడా బియ్యమెందుకు, ఆ డబ్బుతో పేదవాడికి పప్పు, నూనె ఇవ్వొచ్చు కదా అన్నది దీనికి జవాబు. షావుకారు ఎలాగూ డిపో లైన్లో నిలబడడు అన్నది దానికి జవాబు.

గీత దాటితే బియ్యం వస్తాయా

కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులో కొటియా ప్రాంతం ఉంది. అక్కడి 21 ఊళ్లు మావంటే మావని ఒడిశా, ఆంధ్ర దశాబ్దాలుగా కోర్టుల్లో ఉన్నాయి. సాలూరు సంతకు దిగేవాళ్లకు ఆంధ్ర కార్డు, పొట్టంగి వైపు ఒడిశా కార్డు, రెండూ ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఇద్దరి దగ్గరా తింటున్నారని మైదానంలో కూర్చుని అనడం తేలిక. రెండు ప్రభుత్వాలూ తమ హక్కు చూపించుకోవడానికి పోటీపడి ఇచ్చిన కార్డులవి. ఒక ఆధార్ రెండు చోట్ల ఉండకూడదన్న నియమం వచ్చాక ఈ కుటుంబాలు ఏ రాష్ట్రాన్ని వదులుకోవాలో తేల్చుకోమన్నట్టయింది. బియ్యం కోసం పౌరసత్వమంత పెద్ద నిర్ణయం తీసుకోవాలి.

ఒక రాష్ట్రం కార్డుతో ఇంకో రాష్ట్రంలో బియ్యం తీసుకునే "ఒకే దేశం ఒకే రేషన్" పద్ధతి 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణ మధ్య మొదలైంది. ఒడిశా 2020 జూన్‌లో కలిసింది. చెప్పినంత సూటిగా లేదు గానీ, పనికొచ్చే పద్ధతే. కొరాపుట్ నుంచి తెలంగాణ ఇటుక బట్టీకి ముగ్గురు వెళ్లి, ముసలివాళ్లిద్దరు ఇంటి దగ్గర ఉన్నారనుకోండి. కార్డులో ఐదుగురు. బట్టీ దగ్గర 15 కిలోలు, ఊళ్లో 10 కిలోలు తీసుకోవచ్చు. ఇందులో మూడు చిక్కులు. ఒకటి, కేంద్రం వాటా మాత్రమే కార్డుతో పాటు నడుస్తుంది. 2025లో తెలంగాణ తన కార్డుదారులకు మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది, ఆ అదనం బయటి కార్డుకు రాదు. రెండు, ఒడిశా సొంత పథకం కార్డు సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. కేంద్రం కోటాలో చోటు లేక అందులో చేరినవాడే వలస కూడా పోతాడు. మూడు, మా వైపు మూడు నెలల బియ్యం ఒకేసారి ఇస్తున్నారు. ముందే తీసేసుకుని వెళ్తే అక్కడ ఏమీ రాదు. తీసుకోకుండా వెళ్తే, అక్కడ డీలర్ "స్టాక్ లేదు" అంటే అంతే.

మూడు నెలలది కలిపి ఇవ్వడంలో సుఖమూ ఉంది. ఆరు కిలోమీటర్లు కొండ దిగి వచ్చేవాళ్లకు రెండు నడకలు తప్పుతాయి. కానీ చేతిలో డబ్బు లేని ఇంట్లో, ఒంట్లో బాగోకపోయినా, పిల్లకు పెళ్లయినా, మొదట అమ్ముడుపోయేది ఆ సంచీయే. మండిపంక చావుల తర్వాత ఎక్కువగా వాదన జరిగింది దీని మీదే. ఇచ్చాం కదా అని ఒకరు, అది ఎప్పుడో అయిపోయింది కదా అని ఒకరు.

బియ్యమా, డబ్బా, చోళ్లా

బియ్యం బదులు ఖాతాలో డబ్బు వేయాలన్న ఆలోచన పాతదే. చండీగఢ్, పుదుచ్చేరిల్లో 2015 నుంచి అమలుచేసి చూశారు. మనిషికి 5 కిలోలంటే కిలో 40 లెక్కన 200 రూపాయలు. ఆ 200తో గుడ్లు కొనుక్కోవచ్చు, పప్పు కొనుక్కోవచ్చు, మూడో రకం ఆకలికి అదే మందు అంటారు సమర్థించేవాళ్లు. గోదాములు, లారీలు, డీలర్ల ఖర్చు మిగులుతుందనీ అంటారు. పట్నాల్లో ఇది చాలావరకు నిజం. కొండ మీద సంగతి వేరు. బియ్యం ధర 45 అయితే అదే 200కి నాలుగున్నర కిలోలు కూడా రావు. శ్రావణంలో, అంటే సరిగ్గా అవసరమైనప్పుడే ధర పెరుగుతుంది. బ్యాంకు బ్లాకు కేంద్రంలో ఉంటుంది, వెళ్లొస్తే ఒక రోజు కూలి పోతుంది. పైగా బియ్యం మూట ఇంటికొస్తే ఆడవాళ్ల చేతికొస్తుంది, డబ్బు ఎవరి చేతికి పోతుందో అందరికీ తెలుసు.

చోళ్ల కథ వీటన్నిటికంటే ఆసక్తికరం. మా అమ్మమ్మ కాలంలో పొద్దున చోడి అంబలి తాగకుండా ఎవరూ పొలానికి వెళ్లేవాళ్లు కాదు. ఒడియాలో మండియా అంటారు. రూపాయి బియ్యం వచ్చాక చోళ్లు పేదవాడి తిండిగా కూడా మిగల్లేదు. డిపోలో తేరగా దొరికే తెల్లటి అన్నం ముందు, దంచి జల్లించాల్సిన సామలు ఎవరికి కావాలి? ఆకలి తీర్చడానికి వచ్చిన పథకమే కొండ తిండిని పొలంలోంచి తోసేసింది. చోళ్లలో బియ్యానికి లేనంత సున్నం (కాల్షియం) ఉంది, ఇనుమూ ఎక్కువ. రక్తహీనత అంకె పెరగడానికి కారణాలు చాలా ఉంటాయి, మొత్తం దీని మీద తోసేయలేం. కానీ పళ్లెంలో రకాలు తగ్గడం మాత్రం మా కళ్లముందే జరిగింది.

2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టింది. మొదటి విడతలో ఏడు జిల్లాలు, 30 బ్లాకులు. గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కనగిరి, ఈ నాలుగు సరిహద్దు జిల్లాలు అందులో ఉన్నాయి. రైతు దగ్గర మద్దతు ధరకు చోళ్లు కొంటారు, కొంత రేషన్‌లో ఇస్తారు, కొన్ని జిల్లాల అంగన్‌వాడీల్లో లడ్డూలు పెడతారు. 2024-25లో చోళ్ల మద్దతు ధర క్వింటాలుకు 4,290 రూపాయలు. అదే ఏడాది వడ్లకు 2,300, ఒడిశా ఇచ్చే 800 కలిపితే 3,100. కాగితం మీద చోళ్లే లాభం.

అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. ధర బాగుందని ఇంట్లో ఉన్న చోళ్లన్నీ మార్కెట్‌కు వేసి, ఉచిత బియ్యం తింటే రైతు ఆదాయం పెరుగుతుంది, పిల్లల పళ్లెం మారదు. అమ్మకాల అంకె చూసి పథకం గెలిచిందంటారు. తిన్న అంకె ఎవరూ తీయరు. అందుకే ఊళ్లలో పిండి మర పెట్టడం, సామల పొట్టు తీసే మిషన్ పెట్టడం నాకు మద్దతు ధరంత ముఖ్యంగా కనిపిస్తుంది. ఆడవాళ్ల చేతి నుంచి రోకలి దింపితే తప్ప సామలు వంటింట్లోకి తిరిగి రావు.

గర్భిణుల సాయం గురించి ఒక్క మాట. గర్భిణికి, బాలింతకు కనీసం 6,000 రూపాయలివ్వాలని 2013 చట్టంలో ఉంది. 2017లో కేంద్రం పథకం తెచ్చినప్పుడు అది మొదటి బిడ్డకే, అదీ 5,000. ఒడిశా 2011లోనే మమత పేరుతో సొంత పథకం మొదలుపెట్టింది. చట్టం ఒకటి చెప్పడం, పథకం ఇంకొకటి చేయడం అంటే ఇదే.

అడిగితే మారినవి

విధానం కోసం గొంతెత్తడం అంటే మనకు ధర్నా గుర్తొస్తుంది. ఆకలి విషయంలో మారిన పెద్ద సంగతులు చాలావరకు వేరే దారిలో మారాయి.

2001లో కాశీపూర్ చావులకు కొన్ని నెలల ముందు, ఏప్రిల్‌లో, పౌరహక్కుల ప్రజా సంఘం సుప్రీంకోర్టులో పిటిషన్ వేసింది. భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) గోదాముల్లో ఐదు కోట్ల టన్నులకు పైగా ధాన్యం మూలుగుతుంటే జనం పస్తులుండటమేమిటన్నది ప్రశ్న. ఆ నవంబరు 28న కోర్టు ఎనిమిది ఆహార పథకాలను దయగా ఇచ్చేవి కావు, హక్కులు అంది. బడిలో వండిన అన్నం పెట్టాలంది. 2003లో డొంగ్రియా కంధుల్లాంటి అతి బలహీన ఆదివాసీ తెగల కుటుంబాలన్నిటికీ అంత్యోదయ కార్డులివ్వాలంది. 2013 చట్టం పునాది అక్కడే పడింది.

చోళ్లు రేషన్‌లోకి వచ్చింది మరో దారిలో. కోర్టు లేదు, సమ్మె లేదు. చిరుధాన్యాల మీద ఏళ్ల తరబడి పనిచేసిన సంఘాలు, పరిశోధకులు ప్రభుత్వంతో కూర్చుని రాయించుకున్న కార్యక్రమం అది. సికింద్రాబాద్‌లో పుట్టిన వాసన్ సంస్థ అందులో ముఖ్య భాగస్వామి కావడం మన తెలుగువాళ్లకు తెలియాల్సిన సంగతి.

జనం నష్టపోయేది ఎక్కువగా ఎక్కడంటే, ఏ ఫిర్యాదు ఎవరిదో తెలియకపోవడం దగ్గర. కిలో తక్కువ తూచడం డీలర్ తప్పు, బ్లాకు సప్లై అధికారి చూడాల్సింది. పేరు ఎక్కించకపోతే జిల్లాలో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలని, ఆ పైన రాష్ట్ర ఆహార కమిషన్ ఉండాలని చట్టమే చెప్పింది. రావాల్సిన ధాన్యం రాకపోతే బదులుగా డబ్బు రూపంలో ఆహార భద్రత భత్యం ఇవ్వాలనీ అందులో ఉంది. ఆ సంగతి తెలిసినవాళ్లు అరుదు. గుడ్లు రెండా ఐదా అన్నది రాష్ట్ర బడ్జెట్. 5 కిలోలా 7 కిలోలా అన్నది పార్లమెంటు. పల్లీసభలో, అంటే ఊరివాళ్లంతా కూర్చునే సభలో, "గుడ్లు పెంచండి" అని తీర్మానం చేస్తే సర్పంచ్ ఏమీ చేయలేడు, కానీ "మా ఊళ్లో ఫలానా పన్నెండు మంది పేర్లు లేవు" అని రాయిస్తే ఆ కాగితానికి విలువ ఉంటుంది. పల్లీసభ ఒడియాలో జరుగుతుంది. మన ముసలివాళ్లు వెనక వరసలో కూర్చుని వచ్చేస్తారు.

కోటా ఎక్కడి నుంచి వచ్చింది, ఎప్పుడు మారుతుంది

కేంద్రం కోటా 2011 జనాభా లెక్కల మీద కట్టారు. గ్రామాల్లో ఒడిశాకు సుమారు 82 శాతం మందికి, ఆంధ్రకు సుమారు 61 శాతం మందికి కేంద్రం రేషన్. పేదరికం ఎక్కువున్న చోట వాటా ఎక్కువ. కానీ ఆ 82 శాతం 2011లో ఉన్న జనంలో. ఆ తర్వాత పుట్టిన పిల్లలు కోటా పెంచలేదు. ఒకరు చనిపోతేనో, ఒక పేరు తీసేస్తేనో ఇంకో పేరు ఎక్కుతుంది. పై ఉదాహరణలో మూడేళ్ల పాప పేరు కార్డులో లేకపోవడానికి తల్లిదండ్రుల బద్ధకం ఒక కారణమైతే, ఖాళీ లేకపోవడం ఇంకో కారణం.

2021లో జరగాల్సిన జనాభా లెక్కలు జరగలేదు. ఇప్పుడు 2027 మార్చి 1ని లెక్క తేదీగా పెట్టారు. మనుషులను లెక్కించేది ఫిబ్రవరిలో. ఆ రోజుల్లో ఎవరు ఎక్కడ ఉంటే అక్కడ రాసుకోవడం మన జనాభా లెక్కల పద్ధతి. లెక్క జరిగినన్నాళ్లూ ఇంటి దగ్గర లేని మనిషిని ఇంటి దగ్గర రాయరు.

ఫిబ్రవరి ఇటుక బట్టీల నెల. చోళ్లు, వడ్లు కోసేసి, దసరా దాటాక కొరాపుట్, రాయగడ నుంచి బట్టీలకు వెళ్లినవాళ్లు జూన్‌కి గానీ తిరిగి రారు. పిల్లలను కూడా వెంట తీసుకెళ్తారు. లెక్క రాసే మాస్టారు వాళ్ల ఊరికి వచ్చే రోజుకు ఆ ఇంటి తలుపుకు తాళం ఉంటుంది.